మార్చి ఆదాయం చూసి రాజీనామా రాయకండి

ప్రశ్న: మాది విజయవాడ సింగ్ నగర్. నాకు 34 ఏళ్లు. ఆటోనగర్‌లో ఒక ప్రైవేటు సంస్థలో అకౌంట్స్ చూస్తాను, చేతికి 46,000 వస్తుంది. భార్య, నాలుగేళ్ల పాప, బీపీ, షుగరు ఉన్న అమ్మ నాతోనే ఉంటారు. అద్దెతో కలిపి ఇంటి ఖర్చు 34,000. నెలకు 10,000 చొప్పున 2 లక్షల చీటీ కడుతున్నాను. ఇంకా 9 వాయిదాలున్నాయి, పాట పాడలేదు. బ్యాంకులో 1,10,000 ఉంది. జ్ఞాపకశక్తి పెంచుకోవడం మీద సరదాగా పెట్టిన వెబ్‌సైట్‌ను ఆరేళ్లుగా నడుపుతున్నాను. యాడ్స్ మీద జనవరిలో 62,000, ఫిబ్రవరిలో 78,000, మార్చిలో 91,000 వచ్చింది. ఇక ఉద్యోగం మానేసి దీని మీదే ఉండాలని ఉంది. జీతం స్లిప్పు చేతిలో ఉండగానే 8 లక్షల పర్సనల్ లోన్ తీసుకుని యాప్ చేయిద్దామని, భార్య బంగారం మీద 3 లక్షలు తెచ్చి ఇద్దరు మనుషులను పెట్టుకుందామని ఆలోచన. ఏ లోన్ ముందు తీసుకోవాలి? జ్ఞాపకశక్తి మాత్రలు అమ్మే వాళ్లు నెలనెలా స్పాన్సర్ చేస్తామంటున్నారు, ఒప్పుకోవచ్చా? పన్నెండు నెలల లెక్క జత చేశాను.

జవాబు: ఏదీ ముందు కాదు, రెండు లోన్లూ వద్దు. యూట్యూబ్ ఛానల్ వాళ్లు, వంటల పేజీల వాళ్లు, పోటీ పరీక్షల సైట్ల వాళ్లు కూడా సరిగ్గా ఈ పొరపాటే చేస్తున్నారు. అందుకే మీ ప్రశ్నకు ఇంత వివరంగా రాస్తున్నాను. మూడు మంచి నెలలు చూసి దాన్ని జీతం అనుకుంటారు, ఆ లేని జీతాన్ని నమ్ముకుని అప్పు చేస్తారు.

మీరు జత చేసిన లెక్కే చూడండి. కిందటి ఏప్రిల్‌లో 41,000. మే నెలకు 19,000, జూన్‌లో 17,000, జూలైలో 24,000. ఆగస్టులో 28,000, సెప్టెంబరులో 30,000. అక్కడి నుంచి దసరా, దీపావళి ప్రకటనల పుణ్యాన మెల్లగా పెరిగి డిసెంబరుకు 44,000. తర్వాతే మీరు ప్రశ్నలో రాసిన మూడు నెలలు. మొత్తం 5,11,000, సగటున నెలకు 42,600. ఇందులో నెలకు 9,000 సైటు ఖర్చు పోతుందని మీరే రాశారు. అంటే మిగిలేది 33,600. మీ ఇంటి ఖర్చు 34,000. అప్పు లేకుండానే బొటాబొటీ అన్నమాట.

ఈ ఎత్తుపల్లాలకు కారణం మీకు నాకంటే బాగా తెలుసు. మీ పాఠకుల్లో ఎక్కువమంది ఇంటర్, పదో తరగతి పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు. చదివింది గుర్తుండటం లేదని ఫిబ్రవరి, మార్చి నెలల్లో వెతుక్కుంటూ వస్తారు. పరీక్షలు అయిపోయాక ఎవరూ రారు. మీరు రాజీనామా చేద్దామనుకుంటున్నది సరిగ్గా ఆ పల్లం ముందు.

ఇప్పుడు మీ పథకం ప్రకారం నెల ఖర్చు వేద్దాం. ఇంటికి 34,000, చీటీకి 10,000 (డివిడెండు పోతే కాస్త తగ్గుతుంది, పెద్ద అంకే పట్టుకుందాం), సైటుకు 9,000. 8 లక్షల లోన్ 15 శాతం మీద అయిదేళ్లకు అయితే ఈఎంఐ 19,032. బంగారం మీద 3 లక్షలకు 10 శాతం చొప్పున వడ్డీయే నెలకు 2,500. ఇద్దరికి తలా 15,000 జీతం, 30,000. మొత్తం 1,04,532. ఆరేళ్లలో మీకు అన్నిటికంటే ఎక్కువ వచ్చిన నెల 91,000. అంటే మీ అత్యుత్తమ నెలలో కూడా పదమూడు వేలకు పైగా లోటు. మే, జూన్, జూలై మూడు నెలలకు కలిపి కిందటేడు మీకు వచ్చింది 60,000, ఆ మూడు నెలల ఖర్చు 3,13,000 దాటుతుంది. ఆ రెండున్నర లక్షలు ఎక్కడి నుంచి వస్తాయి? యాప్ కోసం తెచ్చిన లోన్ నుంచే. అప్పు తెచ్చిన సొమ్ముతోనే అప్పు వాయిదా కట్టడం మొదలయ్యాక అది ఎక్కడా ఆగదు. తర్వాత క్రెడిట్ కార్డు, ఆ తర్వాత ఫోన్‌లో లోన్ యాప్. ఉద్యోగం మానేస్తానని తెలిసి కూడా జీతం స్లిప్పు చూపించి లోన్ తీసుకోవడాన్ని తెలివి అనుకునేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. ఆ స్లిప్పు ఎవరి చేతిలో ఉన్నా, ఈఎంఐ కట్టాల్సింది స్లిప్పు లేని మీరే. అయిదేళ్లలో 8 లక్షలకు 11,41,900 కడతారు.

డబ్బు చేతికొచ్చే తేదీలు కూడా గమనించండి. మీ సైటుకు ప్రకటనలిచ్చే గూగుల్ సేవ యాడ్‌సెన్స్ ఒక నెల ఆదాయాన్ని తర్వాతి నెల 21 నుంచి 26లోపు పంపుతుంది, బ్యాంకులో పడేసరికి మరికొన్ని రోజులు. చెల్లని క్లిక్కులంటూ కొంత కోసేసి పంపడం మామూలే. జీతం ఆగిన నెల అద్దె ఒకటో తారీఖునే కట్టాలి, యాడ్స్ డబ్బు మాత్రం నాలుగో వారం దాకా రాదు.

పైగా ఈ ఆదాయమంతా ఒకే సెర్చ్ ఇంజిన్, ఒకే ప్రకటనల సంస్థ మీద నిలబడి ఉంది. 2023 సెప్టెంబరులో, మళ్లీ 2024 మార్చిలో గూగుల్ తన ర్యాంకింగ్ మార్చినప్పుడు ఒక్కరు నడిపే చిన్న సైట్లు ఎన్నో వారాల్లోనే పాఠకులను పోగొట్టుకున్నాయి. ఇప్పుడు ‘చదివింది గుర్తుండాలంటే ఏం చేయాలి’ అని అడిగితే పైనే ఏఐ సమాధానం కనిపిస్తోంది. అది చదివి వెళ్లిపోయినవాళ్లు మీ పేజీ తెరవరు. మీ తప్పు ఏమీ లేకుండానే ఆదాయం సగమయ్యే వ్యాపారం ఇది. జీతగాడికి ఆరు నెలల ఖర్చు పక్కన ఉంటే చాలంటాను. మీకు పన్నెండు నెలలు కావాలి.

అత్యవసర నిధి గురించి నేను ఎప్పుడూ చెప్పేదే, మీ విషయంలో ఇంకా గట్టిగా చెబుతున్నాను. ఆరేళ్లుగా అవధానం గురించి, ధారణ గురించి రాస్తున్న మనిషి మీరు. అప్రస్తుత ప్రసంగి ఎప్పుడు అడ్డుపడతాడో అవధానికి తెలియదు. అయినా పద్యం జారిపోదు, ముందే ధారణలో పెట్టుకుంటాడు గనక. ఇంటికి ఆ ధారణ ఈ నిధే. 2024 సెప్టెంబరు ఒకటిన బుడమేరు నీళ్లు సింగ్ నగర్ ఇళ్లలోకి వచ్చినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు, కింది అంతస్తుల్లో మంచాలు, ఫ్రిజ్‌లు, పిల్లల పుస్తకాలు బురదపాలయ్యాయి. మీ ఇల్లే మీ ఆఫీసు అయ్యాక అలాంటి వారం ఒకటి వస్తే ఇల్లు, ఆదాయం ఒకేసారి మునుగుతాయి. అప్పుడు వెంటనే కొత్త ల్యాప్‌టాప్ కొనగలిగితేనే సైటు బతుకుతుంది.

కాబట్టి మీకు రెండు అరలు కావాలి. ఇంటి అర: 34,000 చొప్పున 12 నెలలకు 4,08,000. సైటు అర: 9,000 చొప్పున 6 నెలలకు 54,000, ల్యాప్‌టాప్‌కు 60,000. మొత్తం 5,22,000. ఇది చీటీ అయిపోయాక ఉండాల్సిన మొత్తం. ఇవాళే మానేస్తే మిగిలిన తొమ్మిది వాయిదాలకు ఇంకో 90,000 కలుపుకోవాలి. మీ దగ్గర ఉన్నది 1,10,000.

ఉద్యోగంలో ఉంటే ఇది ఎలా నిండుతుందో చూడండి. ఇంటి ఖర్చూ చీటీ కలిపి 44,000 జీతంలోంచే పోతాయి. సైటు డబ్బులో ఒక్క రూపాయి కూడా ఇంట్లో ఖర్చు పెట్టకండి. ఏప్రిల్ చివర వచ్చే మార్చి డబ్బులో సైటు ఖర్చు పోను 82,000. తర్వాత మే నుంచి డిసెంబరు వరకు చేతికొచ్చేది కిందటేటి లెక్కనే వేస్తే 2,36,000, ఖర్చు పోను 1,64,000. చీటీ పాట పాడకుండా ఆఖరి దాకా ఆగితే కమిషన్ 5 శాతం పోయినా 1,90,000 వస్తుంది. తొందరపడి మధ్యలో పాడి, పాటలో ఇరవై, ముప్పై వేలు వదులుకోకండి. అది రిజిస్టరయిన చీటీ అవునో కాదో ఈ వారమే చూసుకోండి, కాకపోతే నా లెక్కలో ఆ 1,90,000 లేనట్టే. అన్నీ కలిపి, కింద చెప్పబోయే 30,000 ప్రీమియం తీసేస్తే, డిసెంబరు చివరికి 5,16,000. జనవరిలో నిండిపోతుంది. తొమ్మిది నెలల ఓపిక, అప్పు సున్నా. ఆ తర్వాత కూడా వెంటనే రాజీనామా ఇవ్వకుండా ఇంకో మే, జూన్ దాటనివ్వండి. ఆ పల్లంలో ఎంత వస్తుందో చూసే నిర్ణయించండి.

ఈ డబ్బు యాడ్స్ డబ్బు పడే ఖాతాలో ఉండకూడదు. వేరే బ్యాంకులో, ఏటీఎం కార్డు ఇంట్లోనే ఉండే ఖాతా తెరవండి. ఒక నెల ఖర్చు సేవింగ్స్‌లో ఉంచి మిగతాది 50,000 చొప్పున విడివిడి ఎఫ్‌డీలు చేయండి. అవసరమొస్తే ఒక్కటే విరగ్గొడతారు, మిగతావాటికి వడ్డీ పోదు. ఒక బ్యాంకులో అసలు, వడ్డీ కలిపి 5 లక్షలకే డిపాజిట్ బీమా ఉంది. అది దాటితే రెండు బ్యాంకులకు పంచండి. ఖాతా మీ ఇద్దరి పేరునా ఉండాలి, మీరు ఆసుపత్రిలో ఉంటే తీయాల్సింది మీ భార్యే. షేర్లు, బంగారం బిస్కెట్లు, ఎవరికో నూటికి రెండు వడ్డీకి ఇవ్వడం, ఇవేవీ ఈ సొమ్ముకు వద్దు.

మీ భార్య నగలు ఇప్పటికే ఆ ఇంటి చివరి నిధి. వాటిని వ్యాపారానికి తాకట్టు పెడితే రేపు అమ్మగారికి ఆసుపత్రి అవసరం వచ్చినప్పుడు పెట్టడానికి ఏమీ ఉండదు. ఏడాది తిరిగేసరికి అసలంతా ఒకేసారి కట్టమంటారు, మధ్యలో బంగారం ధర పడితే తేడా కట్టమంటారు. కట్టలేకపోతే వేలం నోటీసు ఇంటికే వస్తుంది.

ఆరోగ్య బీమా ఈ నెలలోనే తీసుకోండి. ఆఫీసు గ్రూప్ పాలసీ ఉద్యోగం ఆఖరి రోజుతో పోతుంది. అమ్మగారి బీపీ, షుగరు లాంటి ముందునుంచి ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా క్లెయిమ్ ఇవ్వని వెయిటింగ్ ఉండొచ్చు, ఆ గడియారం మీరు జీతంలో ఉండగానే మొదలవ్వాలి. జబ్బులేవీ దాచకుండా ఫారంలో రాయండి, దాస్తే క్లెయిమ్ దగ్గర దొరికిపోతారు. మీ ముగ్గురికి కలిపి ఒకే పాలసీ (ఫ్లోటర్), అమ్మగారికి విడిగా ఒకటి. మొదటి ఏడాదికి 30,000 పక్కన పెట్టాం, అమ్మగారి ప్రీమియం ఎక్కువైతే నిధి ఒక నెల ఆలస్యమవుతుంది, ఫరవాలేదు. వ్యక్తిగత పాలసీల మీద 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ కూడా లేదు. టర్మ్ పాలసీ కూడా ఇప్పుడే, జీతం స్లిప్పు నిజంగా పనికొచ్చేది అక్కడే.

యాప్ సంగతి. రోజులు ఎడంగా పెట్టి మళ్లీ మళ్లీ చదివించే పద్ధతికి యాంకీ అనే యాప్ 2006 నుంచి ఉంది, కంప్యూటర్‌లో, ఆండ్రాయిడ్‌లో ఉచితం. దానితో పోటీకి 8 లక్షలు పెట్టి, ఆ తర్వాత ప్రతి ఏడూ మరమ్మతులకు పెట్టాలి. మీ బలం తెలుగులో రాసిన పాఠాలు. అయిదు గదుల లైట్నర్ డబ్బా ఒకటి, అందులో ఇంటర్ బయాలజీ పేర్లకు తెలుగు గుర్తులతో కార్డులు చేయండి. గుర్తున్న కార్డు తర్వాతి గదికి, మరిచిన కార్డు మళ్లీ మొదటి గదికి. ధర 299 పెట్టి సైట్లోనే ముందుగా డబ్బు తీసుకోండి. వంద మంది కడితే 29,900 చేతిలో పడుతుంది, అప్పుడే అచ్చుకు వెళ్లండి. నలభై మందే కడితే వాళ్ల డబ్బు వెనక్కి ఇచ్చేయండి. 8 లక్షలు పోగొట్టుకుని తెలుసుకునే విషయం అలా ఊరికే తెలుస్తుంది. మనుషులు కావాలంటే నెల జీతం మీద కాకుండా వ్యాసానికి ఇంత అని ఇవ్వండి.

మాత్రల స్పాన్సర్‌ను ఒప్పుకోకండి. తమ ఆటలు ఆడితే చదువులో, ఉద్యోగంలో రాణిస్తారని, వయసుతో వచ్చే మతిమరుపు తగ్గుతుందని రుజువు లేకుండా చెప్పినందుకు 2016లో అమెరికాలో లూమోసిటీ అనే మెదడు ఆటల యాప్ నడిపే సంస్థ అక్కడి వాణిజ్య కమిషన్‌కు 20 లక్షల డాలర్లు కట్టింది. మన దగ్గర 2019 వినియోగదారుల చట్టం కింద తప్పుదారి పట్టించే ప్రకటనకు వత్తాసు పలికినవాళ్ల మీద కూడా 10 లక్షల దాకా జరిమానా వేయొచ్చు. ఆ మాత్ర మింగేది మీ మాట నమ్మిన పదిహేనేళ్ల పిల్ల. ఆరేళ్ల నమ్మకాన్ని అంతకు అమ్ముకోవద్దు.

పన్ను విషయం ఒక్క మాట: యాడ్స్ డబ్బు వ్యాపార ఆదాయం, జీతగాళ్లు వాడే ఐటీఆర్-1 ఫారంలో వేయకూడదు. కొత్త విధానంలో 12 లక్షల దాకా రిబేటు ఉంది కాబట్టి మీకు పన్ను పడకపోవచ్చు, రిటర్ను మాత్రం తప్పనిసరి. సేవల రాబడి ఏడాదికి 20 లక్షలు దాటితేనే జీఎస్టీ గురించి ఆలోచించండి.

ఈ నెల చివరికి 91,000 వస్తుంది. అందులో 9,000 సైటుకు, 30,000 బీమాకు తీసి, 50,000తో మొదటి ఎఫ్‌డీ అదే రోజు వేయండి. మిగిలిన 2,000 కొత్త ఖాతాలో ఉంచండి.