చంద్రుడి ఫొటోలకు ‘డౌన్‌లోడర్’ ఎందుకు?

ప్రశ్న: చంద్రుడి ఉపరితలాన్ని బాగా దగ్గరగా చూపే ఫొటోల కోసం వెతికితే ఒక సైట్ ‘హెచ్‌డీ మూన్ డౌన్‌లోడర్’ ఇన్‌స్టాల్ చేసుకోమంటోంది. నాసా సైట్ నుంచి నేరుగా దించుకున్న ఫైల్ నా ఫోన్‌ గ్యాలరీలో తెరుచుకోవడం లేదు. ఏం చేయాలి?

జవాబు: ఆ డౌన్‌లోడర్ జోలికి వెళ్లకండి. ఇదే ప్రశ్న పదేపదే వస్తోంది కాబట్టి గట్టిగానే చెబుతున్నాను: అంతరిక్ష సంస్థలు ప్రజలకు ఇచ్చే చంద్రుడి ఫొటోలను చూడడానికి బ్రౌజర్ ఒక్కటి చాలు. ఫొటో అని చెప్పి ప్రోగ్రామ్‌ను అంటగట్టడం పాత మోసమే అయినా, విండోస్ మామూలుగా ఫైల్ ఎక్స్‌టెన్షన్‌ను (ఫైల్ రకాన్ని తెలిపే, పేరు చివరి అక్షరాలను) దాచి ఉంచుతుంది కనుక, పేరు చివర ‘జేపీజీ’ అని కనిపించే ఫైల్ నిజానికి ‘ఈఎక్స్‌ఈ’, అంటే ప్రోగ్రామ్, అయి ఉండవచ్చు. ఈ దాపరికాన్ని ఇన్నేళ్లుగా కొనసాగించడం బాధ్యతారాహిత్యమని నా అభిప్రాయం. ఎక్స్‌టెన్షన్లు కనిపించేలా సెట్టింగ్‌ను ఈ రోజే మార్చుకోండి. ఆ ప్రోగ్రామ్‌ను ఇప్పటికే నడిపి ఉంటే, దాన్ని తీసేసినంత మాత్రాన ప్రమాదం తప్పిందనుకోవద్దు. బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లన్నీ బయటికి పోయినట్టే భావించి, వేరే పరికరం నుంచి వాటిని మార్చండి.

ఇక ఫోన్ సంగతి. 2009లో బయల్దేరి చంద్రుడి చుట్టూ తిరుగుతున్న నాసా వ్యోమనౌక లూనార్ రికానిసెన్స్ ఆర్బిటర్‌లోని నారో యాంగిల్ కెమెరా తీసే ఒక పూర్తి ఫొటో వెడల్పు 5,064 పిక్సెళ్లు, పొడవు 52,224 పిక్సెళ్లు. పిక్సెల్‌కు 4 బైట్ల లెక్కన దాన్ని మొత్తంగా తెరవాలంటే 1 జీబీకి పైగా మెమరీ కావాలి. గ్యాలరీ యాప్ ఆ మాట చెప్పకుండా మూసుకుపోవడం, లేదా కుదించిన బొమ్మనే అసలు ఫొటోగా చూపించడం నాకు ఏమాత్రం నచ్చదు. అదే మిషన్ ఫొటోలను చూపే క్విక్‌మ్యాప్ అనే వెబ్ మ్యాప్‌లో అయితే మీరు జూమ్ చేసిన చోటి ముక్కలు మాత్రమే లోడ్ అవుతాయి కాబట్టి సాధారణ ఫోన్ కూడా సరిపోతుంది. ఫైలే కావాలనుకుంటే పిరమిడ్ టిఫ్ రకాన్ని (ఒకే ఫొటోను పలు సైజుల్లో దాచే ఫైల్) దించుకుని, కంప్యూటర్‌లో క్యూజీఐఎస్ అనే ఉచిత మ్యాప్ ప్రోగ్రామ్‌తో తెరవండి. చంద్రయాన్-2 ఫొటోలు ఇస్రో ‘ప్రదాన్’ పోర్టల్‌లో ఉన్నాయి; దాని హై రిజల్యూషన్ కెమెరా 100 కిలోమీటర్ల ఎత్తు నుంచి పిక్సెల్‌కు 25 సెంటీమీటర్ల వివరం అందిస్తుంది. అక్కడ ఖాతా తెరవాలి. మీ ఈమెయిల్ పాస్‌వర్డ్‌నే దానికీ పెట్టకండి.

నాసా ఆర్బిటర్ ఫొటోలో పిక్సెల్ అంటే నేల మీద సుమారు అర మీటరు. అపోలో 11 దిగిన చోట ల్యాండర్ కింది భాగం కొన్ని పిక్సెళ్ల మచ్చగానే కనిపిస్తుంది. వ్యోమగాములు నడిచిన దారి సన్నని నల్లటి గీతలా ఉంటుంది. కక్ష్య నుంచి తీసిన ఫొటోలో ఒక్కో బూటు ముద్ర కనిపిస్తోందని ఎవరైనా చూపిస్తే అది నిజం కాదు. ఫోన్ కెమెరాలు చంద్రుడికి లేని వివరాన్ని అద్దడం మొదలుపెట్టాక ఈ తేడా పాఠకులకు తెలియకుండా పోతోంది; అందుకే మూల ఫైల్‌నే చూడమని పట్టుబడుతున్నాను. వెతికేటప్పుడు సూర్యకిరణాల పతన కోణం (నిట్టనిలువు నుంచి కొలిచేది) 70 నుంచి 80 డిగ్రీల మధ్య ఉన్న ఫొటోలను ఎంచుకోండి. నీడలు పొడవుగా పడి చిన్న చిన్న బిలాల అంచులు కూడా స్పష్టంగా తేలతాయి.