పాఠకుల ప్రశ్నలు: రెండో వేసవికే పెళుసైపోయే షేడ్‌నెట్

ప్రశ్న: మాకు చిన్న పూలమొక్కల నర్సరీ ఉంది. 50 శాతం నీడనిచ్చే ఆకుపచ్చ షేడ్‌నెట్ వేయించాం. రెండో వేసవి గడవకముందే జీఐ పైపుల వెంబడి బారుగా చిరిగింది. మిగతా చోట చేత్తో నలిపితే పొడి రాలుతోంది. జీఎస్‌ఎం ఎక్కువున్నదే చూసి కొన్నాం. లోపం ఎక్కడ?
– ఒక నర్సరీ రైతు, కడియం

జవాబు: నలిపితే పొడి రాలుతోందంటే అది గాలికి చిరిగింది కాదు, ఎండకు పాడైంది. షేడ్‌నెట్‌ను హెచ్‌డీపీఈ అనే గట్టి రకం పాలిథీన్ ప్లాస్టిక్‌తో చేస్తారు. ఎండలోని అతినీలలోహిత (యూవీ) కిరణాలు దాని పొడవాటి అణువులను తుంచేస్తాయి. దాన్ని అడ్డుకోవడానికి ప్లాస్టిక్ గింజలను కరిగించేటప్పుడే యూవీ స్టెబిలైజర్ కలుపుతారు. ఇది ప్లాస్టిక్ కంటే చాలా ఖరీదు. ఖర్చు తగ్గించుకోవాలనుకునే తయారీదారు ముందు కోత పెట్టేది దీనికే. కొత్త నెట్‌ను కంటితో చూసి ఈ తేడా పట్టుకోలేం.

జీఎస్‌ఎం అంటే చదరపు మీటరు నెట్ బరువు ఎన్ని గ్రాములన్నది మాత్రమే. ఆ బరువు దేనివల్ల వచ్చిందో అది చెప్పదు. సుద్దపొడి కలిపినా బరువు పెరుగుతుంది, బలం మాత్రం తగ్గుతుంది. పైగా నెట్లలో రకాలున్నాయి. చదునైన టేపుతో అల్లినది ఒకటి, గుండ్రటి మోనో దారంతో అల్లినది మరొకటి. టేపు వెడల్పుగా ఉంటుంది కాబట్టి తక్కువ బరువుతోనే 50 శాతం నీడ ఇస్తుంది. అదే నీడకు మోనో నెట్ ఎక్కువ బరువు తూగుతుంది. అందుకే టేపు నెట్‌ను టేపు నెట్‌తోనే పోల్చాలి. గాలి బాగా తగిలే చోట మోనో ఎక్కువ కాలం నిలుస్తుంది, టేపు రెపరెపలాడి అంచులు పీచుపీచవుతాయి. ఎండ విషయంలో నలుపు రంగు నెట్‌ది పైచేయి. అందులో కలిపే కార్బన్ బ్లాక్ తానే కిరణాలను పీల్చేసుకుంటుంది.

కొనేటప్పుడు రోల్‌ను కాటా మీద పెట్టించండి. 3 మీటర్ల వెడల్పు, 50 మీటర్ల పొడవు ఉన్న రోల్ 150 చదరపు మీటర్లు. 100 జీఎస్‌ఎం అని చెబితే లోపలి గొట్టం పోను 15 కిలోలు తూగాలి. తర్వాత చివర చిన్న ముక్క అడిగి తీసుకోండి. దాన్ని పటకారుతో పట్టుకుని ఆరుబయట, ఇనుప మూకుడు మీద కాల్చండి. కరిగి మండుతూ చుక్కలుగా పడుతుంది, చేయి దూరంగా ఉంచండి. మంచి సరుకైతే చివరికి బూడిద దాదాపు మిగలదు. తెల్లటి బూడిద బాగా మిగిలితే దాని మీద రెండు చుక్కలు నిమ్మరసం వేయండి. బుసబుస పొంగితే అది సుద్ద. స్టెబిలైజర్ మాత్రం ఈ పరీక్షకు దొరకదు. ఎన్నేళ్లు నిలుస్తుందో వారంటీ రాతపూర్వకంగా తీసుకోవడం, బిల్లు మీద షేడ్‌నెట్ల భారతీయ ప్రమాణం ఐఎస్ 16008 రాయించుకోవడమే దారి.

ఇక పైపుల వెంబడే ముందు ఎందుకు పోయిందంటే, ఎండకు కాగిన ఇనుము తగిలిన చోట ప్లాస్టిక్ మరింత త్వరగా పాడవుతుంది. దానికి గాలికి రాపిడి కూడా తోడవుతుంది. కొత్త నెట్ వేసే ముందు పైపుల పైభాగానికి తెల్ల రంగు వేయించండి. మరొకటి: గంధకం, క్లోరిన్ ఉన్న మందులు నెట్‌కు తగిలేలా పిచికారీ చేస్తే సాధారణ రకం స్టెబిలైజర్ పనిచేయడం మానేస్తుంది. లోపల గంధకం పొగ పెట్టే అలవాటుంటే ఆ సంగతి కొనేటప్పుడే చెప్పి, దాన్ని తట్టుకునే రకం అడగండి.

బిగింపులోనూ జాగ్రత్త కావాలి. టేపు తయారీలో ప్లాస్టిక్‌ను పలుచని షీటుగా పోసి, నీళ్లలో చల్లార్చి, బ్లేడ్లతో సన్నగా చీల్చి, వేడి మీద ఐదారు రెట్లు సాగదీస్తారు. బలమంతా ఆ సాగదీతలోనే వస్తుంది. తర్వాత మళ్లీ వేడిచేసి కొద్దిగా వదులు చేయాలి. ఈ చివరి పని సరిగా చేయని నెట్ మొదటి ఎండకే ముడుచుకుని, క్లిప్పులు పెట్టిన చోట చిరుగుతుంది. మిట్టమధ్యాహ్నం నెట్ వేడికి సాగి ఉంటుంది. అప్పుడు బిర్రుగా లాగి కడితే రాత్రికి చల్లబడి అంచులను గుంజుతుంది. పొద్దున చల్లపూట, కాస్త వదులుంచి కట్టించండి.

ప్రశ్న: నీటి కుంటలో 500 మైక్రాన్ల పాలిథీన్ షీటు వేశాం. ఒకచోట అడుగు నుంచి బుడగలా ఉబ్బింది. పక్కన చిన్న చిల్లు పడితే గమ్‌తో ముక్క అంటించాం, వారంలో ఊడింది.
– ఒక రైతు, అనంతపురం జిల్లా

జవాబు: ఉబ్బడానికి షీటు కారణం కాదు, దాని కింది నేలే కారణం. గడ్డి, వేర్లు తీయకుండా పరిస్తే అవి కుళ్లి వాయువు పుడుతుంది, పోవడానికి దారి ఉండదు. భూగర్భ జలం పైకి వచ్చినా, చిల్లులోంచి నీళ్లు కిందికి దిగినా ఇలాగే లేస్తుంది. బుడగను పొడవకండి. వేసవిలో కుంట ఖాళీ అయినప్పుడు ఆ మేర షీటు ఎత్తి, వేర్లు, రాళ్లు ఏరి, తడిపి దిమ్మిస చేయించండి. దాని మీద సూదులతో గుచ్చి తయారుచేసే నాన్‌వోవెన్ జియోటెక్స్‌టైల్ (నేలలో వేసే, నేయని మందపాటి గుడ్డ) పరిస్తే రాళ్లు గుచ్చుకోవు, వాయువు కూడా దాని మందంలోంచి పక్కలకు పోతుంది. గట్టు పైన షీటు అంచును కందకంలోకి దించి మట్టితో పూడ్చాలి. రాళ్లు పెట్టి ఊరుకుంటే గాలి లేపేస్తుంది.

గమ్ ఊడక తప్పదు. పాలిథీన్ ఉపరితలానికి మామూలు జిగురేదీ పట్టదు. వేడితో అతికించడమే మార్గం. చిల్లు చుట్టూ జానెడు మేర మట్టి, నాచు లేకుండా తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి, అదే రకం షీటు ముక్కను మూలలు గుండ్రంగా కత్తిరించి, హాట్ ఎయిర్ గన్, రోలర్‌తో అతికించాలి. కోణాలుంటే అక్కడి నుంచే లేస్తుంది. తడి ఏమాత్రం ఉన్నా అతుకు నిలవదు.

ప్రశ్న: మట్టి జారకుండా ఆపే రిటైనింగ్ వాల్ వెనక నీళ్లు వడకట్టేందుకు పాలిస్టర్ జియోటెక్స్‌టైల్ చవకగా దొరుకుతోంది. వేయవచ్చా?
– ఒక సివిల్ కాంట్రాక్టర్, హైదరాబాద్

జవాబు: పచ్చి కాంక్రీటుకు తగిలే చోట వద్దు. సిమెంటు క్షారం పాలిస్టర్‌ను మెల్లగా తినేస్తుంది. పాలిప్రొపిలీన్ అడగండి, క్షారం దాన్ని ఏమీ చేయదు. ఇచ్చింది అదో కాదో తెలియాలంటే చిన్న ముక్కను నీళ్లలో వేసి, గాలి పోయేలా బాగా పిండి వదలండి. పాలిప్రొపిలీన్ తేలుతుంది, పాలిస్టర్ మునుగుతుంది. తెచ్చిన రోల్‌ను మాత్రం ఎండలో విప్పి రోజుల తరబడి ఉంచకండి. మట్టి కప్పే రోజునే కవరు తీయించండి.