టెక్ సందేహాలు: తెల్లగోడ బూడిదరంగులో ఎందుకు పడుతోంది?

ప్రశ్న: చెన్నై వడపళనిలో మా ఇంట్లోనే 10 అడుగుల వెడల్పు, 14 అడుగుల పొడవున్న గదిని స్టూడియో చేశాను. ఏపీఎస్-సీ (ఫుల్‌ఫ్రేమ్ కన్నా చిన్న సెన్సర్) కెమెరా, 50 ఎంఎం లెన్స్, 200 వాట్-సెకన్ల ఫ్లాష్ ఒకటి, వెలుగును మెత్తబరిచే 90 సెంటీమీటర్ల సాఫ్ట్‌బాక్స్ ఉన్నాయి. ఫొటో అంచున నల్లపట్టీ వస్తోంది, వెనక తెల్లగోడ బూడిదరంగులో పడుతోంది, ముఖమేమో చప్పగా ఉంటోంది. ఇంకో లైటు కొనాలా?

జవాబు: ఇప్పుడే కొనకండి. ముందు ఉన్న లైటును జరిపి చూడండి.

నల్లపట్టీకి కారణం షటర్ వేగం. ఫ్లాష్ మెరిసే క్షణానికి సెన్సర్ మొత్తం తెరుచుకుని ఉండాలి. సింక్ స్పీడు, అంటే ఫ్లాష్‌తో వాడగల గరిష్ఠ షటర్ వేగం దాటితే షటర్ రెండో తెర అప్పటికే దిగడం మొదలెడుతుంది, అది కప్పిన మేర నల్లగా వస్తుంది. చాలా కెమెరాల్లో ఈ హద్దు 1/160, 1/250 సెకను మధ్య ఉంటుంది. ఫ్లాష్‌ను వెలిగించే కొన్ని చవక ట్రిగ్గర్లు కాస్త ఆలస్యంగా స్పందిస్తాయి కాబట్టి 1/125 పెట్టేయండి, గొడవ ఉండదు. ఆ హద్దులోపల షటర్ ఎంత పెట్టినా ఫ్లాష్ వెలుగు మారదు. దాన్ని మార్చేవి ఎఫ్ నంబరు (లెన్స్ రంధ్రం సైజు), ఐఎస్‌ఓ (సెన్సర్ సున్నితత్వం), ఫ్లాష్ పవర్, దూరం. ఐఎస్‌ఓ 100, ఎఫ్/8తో మొదలెట్టి ఫ్లాష్ ఆపి ఒక ఫొటో తీయండి. అది నల్లగా రావాలి. ఏదైనా కనబడితే ట్యూబ్‌లైటో కిటికీ వెలుగో కలుస్తోందన్నమాట, చర్మం రంగు చెడేది దానివల్లే. మిర్రర్‌లెస్ అయితే ఈ సెట్టింగులకు స్క్రీన్ చీకటిగా కనబడుతుంది. మెనూలో ఎక్స్‌పోజర్ సిమ్యులేషన్ (ఫొటో ఎలా వస్తుందో స్క్రీన్ మీద ముందే చూపే సదుపాయం) ఆపేస్తే సరి.

ఇక గోడ. లైటు నుంచి దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది. లైటు ముఖానికి 1 మీటరు దూరంలో, గోడ ముఖానికి 1.5 మీటర్లు వెనక ఉందనుకోండి. గోడ లైటుకు 2.5 మీటర్ల దూరమైంది. అంటే దానిమీద పడే వెలుగు ముఖం మీద పడేదాంట్లో దాదాపు ఆరో వంతే. ఎంత తెల్లసున్నం వేసినా ఆ గోడ బూడిదరంగే! అదే లైటును 2.4 మీటర్లకు జరిపి, మనిషిని గోడకు 1 మీటరులో నిలబెడితే గోడమీద వెలుగు ముఖం మీద పడేదాంట్లో సగం ఉంటుంది, అంటే తేడా ఒక్క స్టాపుకు (వెలుగు రెట్టింపో సగమో కావడం ఒక స్టాపు) తగ్గుతుంది. అయితే ఫ్లాష్ పవర్ దాదాపు ఆరు రెట్లు పెంచాలి, నీడల అంచులు గట్టిపడతాయి, చెవుల వెనక నీడ గోడమీద పడే ప్రమాదమూ ఉంది. నా మట్టుకు నేను లైటును దగ్గరే ఉంచి, బూడిదరంగు గోడనే ఒప్పుకుంటాను. పాస్‌పోర్టు ఫొటోల్లా మల్లెపూవు తెలుపే కావాలంటే మాత్రం రెండో లైటు కావాలి. అదీ మనిషి మీద కాదు, గోడమీద పెట్టాలి, ముఖంకన్నా ఒక స్టాపు ఎక్కువగా.

ముఖం చప్పగా ఉండటం చిన్న తెల్లగదుల జబ్బు. నాలుగు గోడలూ వెలుగును తిప్పికొట్టి నీడను చంపేస్తాయి. నీడవైపు, భుజానికి రెండడుగుల దూరంలో, నల్లదుప్పటి వేలాడదీయండి. బుగ్గ గీత వెంటనే తేలుతుంది. నీడ మరీ ముదిరితే దుప్పటి తీసి అక్కడే తెల్ల థర్మకోల్ షీటు నిలబెట్టండి. అద్దె ఇంటి గోడకు ఆకుపచ్చో గులాబీయో వేసి ఉంటే ఆ రంగు బుగ్గమీదికి వస్తుంది, అప్పుడు దుప్పటి తప్పదు. సాఫ్ట్‌బాక్స్ ముఖానికి 45 డిగ్రీలు పక్కగా, దాని మధ్యభాగం కళ్లకన్నా జానెడు పైన ఉండాలి. కళ్లలో మెరుపుచుక్క లేకపోతే, ముక్కు నీడ పెదవిని తాకితే లైటు ఎక్కువ ఎత్తులో ఉన్నట్టు.

ప్రశ్న: ఫుల్‌ఫ్రేమ్ కెమెరా, 85 ఎంఎం ఎఫ్/1.8 లెన్స్ వాడుతున్నాను. ఐ ఏఎఫ్ (కంటిని వెతికి పట్టే ఆటోఫోకస్) ఆన్‌లోనే ఉన్నా కళ్లు మసకగా వస్తున్నాయి. లెన్స్ లోపమా? (వేళచ్చేరి)

జవాబు: ఫొటోను 100 శాతానికి పెంచి చూడండి. కనుబొమ్మో చెవో పదునుగా ఉండి కన్ను మసకైతే ఫోకస్ తప్పింది. అంతా ఒకే దిక్కుకు సాగినట్టుంటే చెయ్యి కదిలింది, బయటి వెలుగు కూడా చేరింది. అన్నీ పాలపొరలా ఉంటే అద్దం మీద వేలిముద్ర ఉందేమో చూడండి. చెన్నై తేమకు లెన్స్ లోపల ఫంగస్ కూడా పట్టొచ్చు. టార్చి వేసి లోపలికి చూస్తే సన్నటి దారాల్లా కనబడుతుంది.

మీది బహుశా మొదటి రకం. 1.5 మీటర్ల దూరంలో ఎఫ్/1.8 దగ్గర పదునుగా వచ్చే లోతు 3.5 సెంటీమీటర్లు కూడా లేదు. ముఖం కాస్త తిప్పితే ఒక కన్నే అందులో పడుతుంది. ఎఫ్/8 దగ్గర 15 సెంటీమీటర్ల దాకా దొరుకుతుంది. వెనక సాదా గోడే ఉన్నప్పుడు దాన్ని మసక చేయడానికి ఎఫ్/1.8 ఎందుకు? ఫ్లాష్‌లో ఎప్పుడూ వెలుగుతూ ఉండే మోడలింగ్ ల్యాంపు వేసి ఉంచండి, చీకట్లో ఏఎఫ్ తడబడుతుంది. ఫోకస్ పట్టాక ఫ్రేమ్ జరిపే అలవాటుంటే మానేయండి. కెమెరాకు దగ్గరగా ఉన్న కంటినే ఎంచుకునేలా మెనూలో పెట్టండి.

ప్రశ్న: కెమెరా ముందుకు రాగానే అందరూ కొయ్యబారిపోతున్నారు. పట్టుచీర కట్టుకున్నవాళ్లను ఎలా నిలబెట్టాలి?

జవాబు: “నవ్వండి” అనకండి. పాదాలతో మొదలెట్టండి: బరువు వెనక కాలిమీద, ముందు కాలు కొంచెం వంచి, భుజాలు కెమెరాకు 30 డిగ్రీలు పక్కకు. తర్వాత “గడ్డం ముందుకు, ఇప్పుడు కాస్త కిందికి” అని మీరే చేసి చూపించండి. మెడ సాగినట్టు వింతగా ఉంటుంది గానీ ఫొటోలో దవడ గీత తేలుతుంది. ముక్కు కొస బుగ్గ గీతను దాటేంతగా ముఖం తిప్పనివ్వకండి. మోచేతికీ నడుముకూ మధ్య ఖాళీ కనబడాలి. కళ్లు ఆర్పేసేవాళ్లను కళ్లు మూసుకోమని చెప్పి, మూడు లెక్కపెట్టి తెరవమనండి, తెరిచిన వెంటనే నొక్కండి.

చీర జరీకి వెలుగు ఎదురుగా కాక పక్కనుంచి రాసుకుంటూ పోవాలి, అప్పుడే నేత కనబడుతుంది. కుచ్చిళ్లు, పైట అంచు ప్రతి భంగిమకూ సరిచూడండి, ఫొటోషాప్‌లో మడత విప్పడం గంట పని. కెమెరా కనీసం 1.5 మీటర్లు దూరం ఉండాలి, మరీ దగ్గరికెళ్తే ముక్కు పెద్దదవుతుంది.

ప్రశ్న: కళ్లజోడులో సాఫ్ట్‌బాక్స్ కనిపిస్తోంది, ఏం చేయాలి?

జవాబు: లైటును ఇంకో జానెడు పైకి, మరికాస్త పక్కకు జరపండి. అప్పటికీ పోకపోతే జోడు కాడలను చెవులమీద అర సెంటీమీటరు పైకి ఎత్తండి. అద్దాలు కిందికి వంగి మెరుపు నేలవైపు పోతుంది, ఎత్తినట్టు ఫొటోలో తెలియదు.