జీవగడియారమా, దినచర లయా?

సందేహం: నైట్ షిఫ్టులు, నిద్రలేమి గురించిన ఒక వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. ‘సర్కేడియన్ రిథమ్’ను కొందరు ‘జీవగడియారం’ అనీ, కొందరు ‘దినచర లయ’ అనీ రాస్తున్నారు. రెండూ ఒకటేనా? ఏది వాడాలి?

సమాధానం: ఒకటి కావు. లోపల కూర్చుని వేళ లెక్కపెట్టేది జీవగడియారం. దాని ప్రకారం నిద్ర, మెలకువ, ఒంటి వేడి, హార్మోన్లు రోజూ ఒక వరసలో హెచ్చి తగ్గడం లయ. ‘రిథమ్’ అన్నచోట లయ అనే అనాలి.

ఈ తేడా కేవలం మాటల్లోది కాదు. పాలిచ్చే జంతువుల్లో ప్రధాన గడియారం మెదడులోని హైపోథలామస్‌లో ఉంది. రెండు కళ్ల నరాలూ కలిసి దాటుకునే కూడలికి కాస్త పైన, అటొకటి ఇటొకటిగా రెండు చిన్న కణాల గుంపులు; మనిషిలో రెండూ కలిపి సుమారు 20,000 కణాలు. కంట్లో పడిన వెలుగు కబురు నేరుగా వీటికి చేరుతుంది. ఎలుక జాతికి చెందిన చిన్న జంతువు హామ్‌స్టర్. మామూలు హామ్‌స్టర్‌కు లయ 24 గంటలకు దగ్గరగా ఉంటుంది. జన్యుమార్పు వల్ల కొన్నింటికి అది 20 గంటలే, అంటే మన పాత లెక్కలో రోజుకు 60 గడియలు కాక 50 గడియలే! 1990లో జీవశాస్త్రవేత్త మైకేల్ మెనాకర్ బృందం కొన్ని హామ్‌స్టర్లలో ఆ కణాల గుంపులను తీసేస్తే లయ పోయింది. లయ వేరుగా ఉన్న మరో హామ్‌స్టర్ పిండం నుంచి ఆ గుంపులను తెచ్చి పెడితే తిరిగి వచ్చింది. వచ్చింది కూడా సొంత లయ కాదు, ఇచ్చినదాని లయ. గడియారం మారితే లయ మారిందన్నమాట. రెండింటికీ ఒకటే పేరు పెడితే ఈ ప్రయోగాన్ని తెలుగులో చెప్పడమే కుదరదు.

ఇక ‘దినచర’. ఇది నిశాచరకు వ్యతిరేకం, పగలు తిరిగేదని అర్థం. హామ్‌స్టర్ తిరిగేది రాత్రిపూట. దానికి ‘దినచర లయ’ అంటగట్టడం నాకు బొత్తిగా నచ్చదు. ‘దినం’ అంటే పగలూ కావచ్చు, పగలూ రాత్రీ కలిసిన రోజూ కావచ్చు, చిక్కంతా అక్కడే. ‘అహోరాత్ర లయ’ తప్పు కాదు కానీ పత్రికా పాఠకులకు బరువు.

లాటిన్‌లో ‘సిర్కా’ అంటే సుమారు, ‘డియెస్’ అంటే రోజు. వీటిని కలిపి 1959లో శాస్త్రవేత్త ఫ్రాంజ్ హాల్‌బర్గ్ ‘సర్కేడియన్’ అనే మాటను పుట్టించాడు. సుమారు అనడానికి కారణముంది: ఎప్పుడూ చీకట్లోనే ఉంచితే లయ ఆగదు, కాని సరిగ్గా 24 గంటలకు కట్టుబడదు. తృణప్రాయం, మృతప్రాయం లాగా ‘దినప్రాయ లయ’ అంటే ఆ ‘సుమారు’ కూడా వస్తుంది. పరిశోధన వ్యాసమైతే అదే వాడమంటాను. మీ వ్యాసానికి ‘రోజువారీ లయ’ చాలు. ఒక్కసారి ‘సుమారు 24 గంటల’ అని చేర్చండి.

‘నైట్ షిఫ్టులతో జీవగడియారం పాడవుతుంది’ అని మాత్రం రాయకండి. చాలామందిలో గడియారం నడుస్తూనే ఉంటుంది, డ్యూటీ వేళలే దానికి ఎదురు తిరుగుతాయి. పాటలో తాళం కుదరనప్పుడు మనం అనే మాటే ఇక్కడా సరిపోతుంది: ‘రోజువారీ లయ తప్పుతుంది.’