అవతలి రౌటర్ ముట్టుకునే ముందు

చిరంజీవి అమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు. రెండు రౌటర్లని నేరుగా కలిపే పాయింట్-టు-పాయింట్ లింకు పని మొదటిసారి నీ చేతికిచ్చారని, అవతలి రౌటర్ దగ్గర మనిషెవరూ ఉండరని రాశావు. నీ టెన్షన్ నాకు అర్థమైంది. నిదానంగా చదువు.

కీబోర్డు ముట్టుకోకముందే ఒక కాగితం తీసుకుని మధ్యలో నిలువుగా గీత గియ్యి. ఎడమవైపు నీ రౌటర్, కుడివైపు అవతలిది. ఐపీ అడ్రస్, మాస్క్ (అడ్రస్‌లో నెట్‌వర్క్ భాగం ఎంతో చెప్పేది), ఎన్‌క్యాప్సులేషన్ (డేటాని చుట్టి లింకు మీద పంపే పద్ధతి), ఎంటీయూ (ఒక ప్యాకెట్ ఎంత పెద్దగా ఉండొచ్చో), పాస్‌వర్డ్, ఒక్కోటీ ఒక్కో వరుసలో రాసుకో. నేను చూసిన తప్పుల్లో చాలావరకు ఈ గీతకి అటూ ఇటూ పొంతన కుదరకపోవడం వల్ల వచ్చినవే. విడివిడిగా చూస్తే రెండు రౌటర్లూ బాగానే కనిపిస్తాయి.

అడ్రసులకి /30 మాస్క్ తీసుకుంటే వచ్చే నాలుగు అడ్రసుల్లో రెండే పనికొస్తాయి. /31 అయితే ఉన్న రెండూ వాడుకోవచ్చు. 2000లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 3021 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం దీనికోసమే. సున్నాతో ముగిసే అడ్రస్ చూసి కంగారుపడకు. రెండు రౌటర్లూ /31ని ఒప్పుకుంటాయో లేదో మాత్రం ముందే చూసుకో.

సీరియల్ లింకైతే సిస్కో రౌటర్ తనంతట తాను హెచ్‌డీఎల్‌సీ అనే ఎన్‌క్యాప్సులేషన్ పెట్టుకుంటుంది. అది సిస్కో సొంత రకం, అవతల వేరే కంపెనీ రౌటర్ ఉంటే పొసగదు. రెండు పక్కలా, అన్ని కంపెనీలకీ పొసిగే పీపీపీ పెట్టు. ఇంటర్‌ఫేస్ అప్, లైన్ ప్రోటోకాల్ డౌన్ అని వస్తే (అంటే తీగ బాగుంది, మాట కలవట్లేదు) ముందు అనుమానించాల్సింది ఇక్కడే. పీపీపీలో పాస్‌వర్డ్ సరిచూసే పద్ధతుల్లో పాప్ దాన్ని ఉన్నదున్నట్టు పంపేస్తుంది కాబట్టి చాప్ వాడు. యూజర్‌నేమ్ దగ్గర అవతలి రౌటర్ పేరు రాయాలి, పాస్‌వర్డ్ రెండు చోట్లా ఒకటే ఉండాలి. ఒకసారి పాస్‌వర్డ్ చివర నాకు తెలియకుండా ఒక ఖాళీ పడింది. రౌటర్ దాన్నీ అక్షరంగానే లెక్కేసింది. స్క్రీన్ మీద కనపడదు కదా, దాన్ని పట్టుకునేసరికి తెల్లారిపోయింది. పాస్‌వర్డ్ అతికించాక ఎంటర్ కొట్టేముందు కర్సర్ ఎక్కడ ఆగిందో చూడు.

పింగ్‌కి (అవతలిది పలుకుతోందో లేదో చూసే పరీక్షకి) జవాబు వచ్చింది కదా అని సంబరపడకు. మామూలు పింగ్ చిన్న ప్యాకెట్. ఎంటీయూ తేడా ఉన్నా అది దూరిపోతుంది, రౌటర్లు దారులు చెప్పుకునే ఓఎస్‌పీఎఫ్ మాత్రం పరిచయం మధ్యలో, ఎక్స్‌స్టార్ట్ అనే దశ దగ్గరే నిలబడిపోతుంది. అందుకే 1500 బైట్ల ప్యాకెట్‌ని, ముక్కలు చెయ్యొద్దనే డీఎఫ్ బిట్ పెట్టి పంపి చూడు. లింకు ఈథర్నెట్ మీదైతే ఓఎస్‌పీఎఫ్ నెట్‌వర్క్ టైప్‌ని రెండు చివరలా పాయింట్-టు-పాయింట్ చెయ్యి. ఇద్దరే ఉన్నచోట డీఆర్ (పెద్ద రౌటర్) ఎన్నిక దేనికి?

ఇక అసలు భయం. అవతలి రౌటర్‌లోకి నువ్వు వెళ్లేది ఈ లింకు మీదుగానే. కాబట్టి ముందు అవతలిది మార్చాలి, తర్వాతే నీది. నీది ముందు మార్చావంటే దారి నువ్వే తెంపుకున్నట్టు. అవతలి రౌటర్ సిస్కో అయితే, దాంట్లో ఏదీ మార్చకముందే 'రీలోడ్ ఇన్ 10' కొట్టు. పని చెడితే పది నిమిషాల్లో అది దానంతటదే రీస్టార్ట్ అయి, సేవ్ అయిన పాత సెట్టింగులతో లేస్తుంది. ఈలోగా నీవైపు కూడా పాతవే పెట్టేసి కూర్చో.

ఆ కమాండ్ కొట్టగానే, మార్పులు సేవ్ చెయ్యాలా అని రౌటర్ అడిగిందనుకో, అక్కడే ఆగు. నువ్వింకా ఏమీ మార్చలేదు కదా. అంటే నీకంటే ముందు ఎవరో మార్చి సేవ్ చెయ్యకుండా వదిలేశారన్నమాట. అవేంటో చూడకుండా రీస్టార్ట్ అయితే వాళ్ల పని పోతుంది. ఏం మారిందో తేల్చుకున్నాకే ముందుకు వెళ్లు.

లింకు లేచి, పెద్ద ప్యాకెట్లు పోయి, ఓఎస్‌పీఎఫ్ ఫుల్ (పరిచయం పూర్తయింది) అని చూపించాక 'రీలోడ్ క్యాన్సిల్' కొట్టి, రెండు చోట్లా సేవ్ చెయ్యి. ఆనందంలో ఆ క్యాన్సిల్ మరిచిపోయి, బాగున్న లింకుని పడగొట్టుకున్నవాళ్లని చూశాను.

ఏ రాత్రి పని పెట్టుకున్నావో ముందే చెప్పు. ఫోన్ పక్కనే పెట్టుకుని మెలకువగా ఉంటాను.

మీ పెదనాన్న