రింగు రోడ్డుకు భూమి పోయింది, పైసలు తక్కువొచ్చినయి: ఆ మూడు సంతకాలు దేని మీద పెట్టిన్రు?

ప్రశ్న: మాది హన్మకొండ పక్కన ఊరు. ఎకరం పది గుంటలు రింగు రోడ్డుకు పోయింది. మా నాన్న సొంతంగ తవ్విన బావి, ఆరు మామిడి చెట్లు అందులోనే పోయినయి. ఆఫీసుకు పిలిచి మూడు సంతకాలు తీసుకున్నరు, నెలకు అకౌంట్ల పైసలు పడ్డయి. పక్కూరోళ్లకు మాకంటె ఎక్కువ వచ్చిందని తెలిసినప్పటి నుంచి అమ్మ సరిగ్గ అన్నం తింటలేదు. పాత తేదీతో అగ్రిమెంట్ రాపిస్తే రేటు పెరుగుతదని ఒకాయన అంటున్నడు. రోడ్డు ఇంకా మట్టి పోసుడు కాడనే ఉంది, కోర్టుల స్టే వస్తదా సార్?

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివిన. నాలుగు పేజీలల్ల రెండు పేజీలు బావి గురించే ఉన్నయి, అవార్డు తేదీ, అంటె పరిహారం ఇంత అని తేల్చి కలెక్టర్ ఇచ్చిన ఉత్తర్వు తేదీ, మాత్రం ఎక్కడా లేదు. ఆ మూడు సంతకాలు దేని మీద పెట్టిన్రో కూడా లేదు. మీ కేసు మొత్తం ఆ రెండు సంగతుల మీదనే ఉంది, పక్కూరోళ్ల రేటు మీద కాదు.

స్టే సంగతి ముందు తేల్చేస్త, రాదు. 2013 భూసేకరణ చట్టం సెక్షన్ 63 ప్రకారం ఈ గొడవల్ల సివిల్ కోర్టుకు అధికారమే లేదు, పోతే రిట్ వేసుకొని హైకోర్టుకే పోవాలె, అవార్డు అయ్యి పైసలు మీ అకౌంట్ల పడ్డంక రోడ్డు ఆపుమంటె అక్కడ కూడా వినరు. దాని మీద ఫీజులు తగలెయ్యకండి. మీకు మిగిలిన దారి పరిహారం పెంచుమని అడుగుడు, అది సెక్షన్ 64 కింద కలెక్టర్‌కు దరఖాస్తు.

ఇప్పుడు అసలు పాయింట్. సెక్షన్ 77 ఏమంటదంటే, ఇచ్చిన మొత్తం సరిపోదని అభ్యంతరం చెప్తూ పైసలు తీసుకోవచ్చు, అట్ల చెప్పకుండ తీసుకున్నోళ్లకు సెక్షన్ 64 కింద అడిగే హక్కు ఉండదు. అభ్యంతరంతో తీసుకుంటున్న అని ఒక్క లైన్ రాసి సంతకం పెట్టి ఉంటే ఇయ్యాల ఈ ఉత్తరం రాసే పని ఉండకపోవు. చదువుకున్నోళ్లు మీరు, ట్రాక్టర్ లోన్ కాగితాలైతే పదిసార్లు చదివి పెడ్తరు, ఎకరం పది గుంటల కాగితం మీద మాత్రం సార్ చూపించిన కాడ పెట్టిన్రు. కోపం వచ్చినా ఈ మాట అనక తప్పదు, ఎందుకంటే ఊర్లల్ల పదిమందిల తొమ్మిదిమంది ఇట్లనే చేస్తున్నరు.

అయితే దారి పూర్తిగ మూసుకపోలే. అభ్యంతరం విడిగ రాయకపోయినా, టైం లోపల రిఫరెన్స్ దరఖాస్తు, అంటె పరిహారం గొడవలు తేల్చే అథారిటీకి మీ కేసు పంపుమని కలెక్టర్‌ను అడిగే కాగితం, పెట్టుకుంటె అందులోనే అభ్యంతరం ఉన్నట్టు లెక్క అని 1994లో అజిత్ సింగ్ కేసుల సుప్రీంకోర్టు చెప్పింది. అది 1894 నాటి పాత భూసేకరణ చట్టం మీది తీర్పు, కాని ఈ చట్టంల కూడా ఆ రూలే ఉంది కాబట్టి దాన్ని పట్టుకోవచ్చు. అందుకే సంతకాల కన్నా తేదీ ముఖ్యం అంటున్న. అవార్డు ఇచ్చిన రోజు మీరు అక్కడ ఉంటె ఆ రోజు నుంచి ఆరు వారాలు. లేకపోతే నోటీసు అందిన రోజు నుంచి ఆరు వారాలు, లేదా అవార్డు నుంచి ఆరు నెలలు, ఏది ముందైతే అది. అది కూడా దాటిపోతే, సరైన కారణం చూపిస్తే ఇంకో ఏడాది లోపల తీసుకునే అధికారం కలెక్టర్‌కు ఉంది. కాని అమ్మకు బాగలేదు, ఎవరూ చెప్పలేదు అంటె అది కారణం కిందికి రాదు. ఆస్పత్రి కాగితమో, నోటీసు వేరే అడ్రస్‌కు పోయిందని చూపే కవరో ఉండాలె.

మీరు సంతకం పెట్టిన ఆ మూడు కాగితాలల్ల ఒకటి గనక ఒప్పంద పత్రం అయితే, అంటె ఇంత రేటుకు ఇష్టపూర్వకంగ ఇస్తున్న అని రాసి ఉంటె, కేసు మస్తు కష్టం, అది ముందు తేల్చుకోవాలె. ఇంకో మాట, నోటీసు మీద 3ఎ, 3డి అని ఉంటె అది 1956 జాతీయ రహదారుల చట్టం, అప్పుడు దారి వేరే, 3జి కింద ఆర్బిట్రేటర్ (గొడవ తేల్చే మధ్యవర్తి) దగ్గరకు పోవాలె. ఒకే రోడ్డుల ఒక ముక్క ఒక చట్టం కింద, ఇంకో ముక్క ఇంకో చట్టం కింద సేకరించి ఉండొచ్చు, కాబట్టి పక్కూరోళ్ల మాట విని వాళ్ల ఫారం జిరాక్స్ కొట్టుకోకండి.

ఇగ ఆ అగ్రిమెంట్ ఆయన. ఆయన్ని ఇంటి గడప తొక్కనీయకండి. స్టాంప్ పేపర్ ఎవరికి, ఏ రోజు అమ్మిన్రో వెండర్ రిజిస్టర్‌ల ఉంటది, సీరియల్ నంబర్‌తో సహా, అది తెప్పించుడు ఒక్క పూట పని. అయినా సెక్షన్ 26ల సగటు అమ్మకం రేటు కట్టేది రిజిస్టర్ అయిన సేల్ డీడ్లు, అగ్రిమెంట్ల మీద, భూమి తీసుకుంటమని చెప్పే ప్రాథమిక నోటిఫికేషన్‌కు ముందు మూడేళ్లవి, రిజిస్టర్ కాని మీ అగ్రిమెంట్‌కు అక్కడ విలువే లేదు. దొంగ కాగితం పెడ్తే సెక్షన్ 84 కింద ఆరు నెలల దాక జైలు, లక్ష దాక జరిమానా, ఫోర్జరీ కేసు దానికి వేరే. రేటు పెరుగుడు అటుంచి ఉన్న కేసు మీద కూడా నమ్మకం పోతది.

పక్కూరోళ్లకు ఎక్కువిచ్చిన్రు అనే మాట కూడా ఒక్కటే పని చెయ్యది. భూసేకరణల ఇంతకు ముందు ఇచ్చిన పరిహారాన్ని రేటుకు ఆధారంగ తీసుకోవద్దని సెక్షన్ 26 వివరణల్లోనే ఉంది. మీకు కావాల్సింది మీ ఊరి సర్వే నంబర్ల ఈసీ (ఆ భూముల మీద అయిన రిజిస్ట్రేషన్ల లిస్టు), మూడేళ్ల రిజిస్టర్డ్ డీడ్ల సర్టిఫైడ్ కాపీలు, అవార్డుల ఏ డీడ్లు చూసి రేటు కట్టిన్రో ఆ లిస్టు. ఇక్కడ మన ఊర్లల్ల బాధ ఒకటుంది, స్టాంప్ డ్యూటీ మిగులుతదని ఏండ్ల నుంచి అందరం ప్రభుత్వ విలువకే రిజిస్టర్ చేసి మిగతాది చేతికిచ్చినం, ఇప్పుడు ఆ తక్కువ డీడ్లే మన మీదికి వస్తున్నయి. అందుకే నిజమైన రేటు రాసిన డీడ్ ఒక్కటున్నా వెతికి పట్టాలె. బ్యాంకు లోన్ పెట్టి కొన్నోళ్లవి చూడండి, అవి సాధారణంగ అసలు రేటుకు దగ్గరుంటయి.

బావి సంగతికి వస్త. మీరు రెండు పేజీలు రాసిన్రు, సర్వే చేసిన రోజు పంచనామాల బావి ఒక్క లైన్ ఉందా? మామిడి చెట్ల లెక్క, వయసు రాసిన్రా? బావి, చెట్లు, పైపులైన్ల విలువ భూమి విలువకు కలుస్తది, ఆ మొత్తం మీద వంద శాతం సొలేషియం, అంటె ఇష్టం లేకున్నా భూమి తీసుకున్నందుకు ఇచ్చే పైసలు, అదనంగ వస్తది, అంటె బావికి లక్ష తక్కువ కడ్తే మీకు పోయేది రెండు లక్షలు. మట్టి పోసి ఇంకా పూడ్చకపోతే ఇయ్యాలనే ఫోటోలు, వీడియో తియ్యండి, లోతు కొలవండి, కరెంటు మీటర్ బిల్లులు, మోటార్ రసీదులు దగ్గర పెట్టుకోండి. పూడ్చినంక మీ నాన్న తవ్విన బావికి సాక్ష్యం మీ మాట ఒక్కటే.

పద్ధతి ఇది. రేపే భూసేకరణ అధికారి ఆఫీసుకు పోయి అవార్డు, పంచనామా, మీరు సంతకం పెట్టిన మూడు కాగితాల సర్టిఫైడ్ కాపీలకు దరఖాస్తు ఇచ్చి, మీ కాపీ మీద ముద్ర వేయించుకోండి. ఆర్‌టీఐ వేస్తే జవాబుకు 30 రోజులు, మీ టైం అందులోనే పోవచ్చు, దాని మీద ఆధారపడకండి. కాపీలు రాలేదని ఆగకుండ, చేతుల ఉన్న కాగితాలతోనే సెక్షన్ 64 దరఖాస్తు కలెక్టర్‌కు వేసి రసీదు తీసుకోండి, పైసలు సరిపోవని, అభ్యంతరంతోనే తీసుకున్న అని మొదటి పేరాలోనే రాయండి. టైం దాటితే ఆలస్యం మన్నించుమని కారణం, దానికి ఆధారం జత చెయ్యండి. కలెక్టర్ 30 రోజులల్ల రిఫరెన్స్ పంపకపోతే మీరే అథారిటీ దగ్గర దరఖాస్తు చేసుకోవచ్చు.

అన్నీ దాటిపోయినా ఇంకొకటి ఉంది. మీ నోటిఫికేషన్‌లోనే ఉన్న వేరే రైతు ఎవరన్న రిఫరెన్స్ వేసి గెలిస్తే, ఆ తీర్పు రోజు నుంచి మూడు నెలల లోపల సెక్షన్ 73 కింద మీరు కూడా అంతే అడగొచ్చు. పాత చట్టంల ఇట్లాంటి సెక్షనే ఉండె, అభ్యంతరం లేకుండ పైసలు తీసుకున్నోళ్లు కూడా అడగొచ్చని 2002లో హన్సోలీ దేవి కేసుల సుప్రీంకోర్టు అన్నది. మీ లిస్టుల ఎవరెవరు కేసు వేసిన్రో ఊర్ల అడిగి నంబర్ రాసిపెట్టుకోండి, ప్రతి వాయిదాకు ఏమైందో కనుక్కోండి.

అవార్డు తేదీ, నోటీసు అందిన తేదీ, పైసలు పడ్డ తేదీ, ఈ మూడు రాసి, మూడు సంతకాల కాగితాల ఫోటోలు పంపండి. అవి చూసి దరఖాస్తు డ్రాఫ్ట్ నేను చెప్త.