పేరు ఒకటే, రికార్డులు మూడు: దేన్ని తీసుకోవాలి?

ప్రశ్న: ఆర్గానిక్ కెమిస్ట్రీలో పరిశోధన మొదలుపెట్టాను. సాఫ్ట్‌వేర్ కొనే స్తోమత లేదు. అణు నిర్మాణాలు గీయడానికి, సమ్మేళనాల వివరాలు వెతకడానికి ఉచితంగా ఏమున్నాయి? పబ్‌కెమ్ డేటాబేస్‌లో ఒకే పేరుకు రెండు మూడు రికార్డులు వస్తే ఏది సరైనది?

సమాధానం: గీయడానికి కెచర్ చాలు, అది బ్రౌజర్‌లోనే పనిచేస్తుంది, గీసిన బొమ్మను స్మైల్స్ రూపంలో అక్షరాల వరుసగా కూడా ఇస్తుంది. ఆ వరుసను పబ్‌కెమ్‌లో పెట్టి వెతకవచ్చు. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు 2004లో ప్రారంభించిన ఈ డేటాబేస్‌లో నేడు 10 కోట్లకు పైగా సమ్మేళనాలున్నాయి. ఒక సమ్మేళనం ఏ ప్రోటీన్‌పై ఎంత మోతాదులో పనిచేస్తుందో తెలియాలంటే మాత్రం, ప్రచురిత పరిశోధన పత్రాల నుంచి ఆ విలువలను సేకరించి పెట్టే కెంబుల్ అనే డేటాబేస్‌ను చూడండి.

మీ రెండో ప్రశ్నే అసలైనది. అలనైన్ అనే అమైనో ఆమ్లాన్నే తీసుకుందాం. ఎల్-అలనైన్‌కు పబ్‌కెమ్ సంఖ్య 5950. త్రిమితీయ అమరికను సూచించని అలనైన్‌కు 602. ఎల్-రూపానికి అద్దంలో ప్రతిబింబంలా ఉండే డీ-రూపానికి వేరే రికార్డు ఉంది. మూడూ సరైనవే, కానీ మీ సీసాలో ఉన్నది వాటిలో ఒక్కటే. అందుకే పేరును కాక, అణువు నిర్మాణం నుంచి తయారయ్యే గుర్తింపు సంకేతమైన ఇన్చి కీని పోల్చాలని గట్టిగా చెబుతాను. గీతలతో కలిపి 27 అక్షరాలుండే ఈ కీలో మొదటి 14 అక్షరాలు పరమాణువుల అనుసంధానాన్ని, తర్వాతి భాగం ప్రధానంగా త్రిమితీయ అమరికను, ఐసోటోపులను సూచిస్తాయి. మొదటి భాగం కలిసి రెండోది తేడాగా ఉంటే, అస్థిపంజరం ఒకటే అయినా అమరికలోనో ఐసోటోపులోనో భేదం ఉన్నట్టు. హైడ్రోక్లోరైడ్ లవణమైతే మొదటి భాగమే మారిపోతుంది, అణుభారమూ మారుతుంది. ఇది గమనించకుండా తూకం వేస్తే ద్రావణం గాఢత తప్పుతుంది.

పబ్‌కెమ్ పేజీలో ఎక్స్‌లాగ్‌పీ (సమ్మేళనం నీటికంటే కొవ్వులాంటి ద్రవంలో ఎంత ఎక్కువగా కరుగుతుందో చెప్పే అంకె) వంటివి లెక్కగట్టిన విలువలు, కొలిచినవి కావు. కొలిచిన గుణాలు విడి శీర్షిక కింద, ఎక్కడి నుంచి తీసుకున్నారన్న వివరంతో సహా ఉంటాయి. మీ పత్రంలో వాడేముందు ఆ మూలం దాకా వెళ్లి చూడండి.

ఇంకా ప్రచురించని, పేటెంటుకు వెళ్లే నిర్మాణాలను మాత్రం ఏ ఆన్‌లైన్ పెట్టెలోనూ అతికించకండి. వాటికి సొంత కంప్యూటర్‌లో నడిచే ఆర్‌డీకిట్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది, అదీ ఉచితమే.